మా అన్న వెంట వచ్చినవాళ్ళు

మిరపకాయ కల్లంలో తాలు ఏరే పని నాది. తెల్లబడ్డ కాయ ఒక పక్కకి, ఎర్రకాయ ఇంకో పక్కకి. పొద్దుగూకేదాకా తుమ్ముకుంటూ, ముక్కు చీదుకుంటూ కూర్చునేవాళ్ళం. యాభై ఎనిమిదిలో మా కల్లానికి కాపలా మా అన్న మీరా హుస్సేను.

అన్న బర్మా యుద్ధానికి పోయి వచ్చినవాడు. వెళ్ళేటప్పుడు ఊరంతటినీ నవ్వించే మనిషి. వచ్చాక ఇంటికప్పు కింద ఒక్క రాత్రీ పడుకోలేదు. చావిళ్ళు, అరుగులు, కల్లాలు... అన్నీ అయ్యాయి. వదిన పుట్టింటికి పోయింది. గాలి సోకిందంటే దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించాను. పిచ్చోడు అన్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ నోళ్ళు పడిపోను! నా మొగుడు పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. సిగ్గు విడిచి చెబుతున్నా, ఒక్కోరోజు గోడతో మాట్లాడేదాన్ని.

ఆ సాయంత్రం కల్లం ఆసామి చెంచురామయ్య గారు నన్ను పిలిచారు.

"కరీమున్, కాయ రేపు గుంటూరు పోతోంది. ఇంక ఇక్కడ కాపలా ఉండదు. మీ అన్న దగ్గు విన్నావుగా? ఈ మంచులో బయట పడుకుంటే మనిషి దక్కడు. ఇంటికి తీసుకుపో."

నేను అన్న దగ్గరికి పోయాను. అన్న అప్పుడే కాయ కుప్పచేసి గోనెపట్టాలు కప్పుతున్నాడు.

"అన్నా, ఇంటికి రా. వేడిగా నాలుగు ముద్దలు తిని పడుకుందువు."

"వద్దమ్మా."

"ఎందుకొద్దు? నేను నీకేమీ కానా?"

అన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వాళ్ళు బయట ఉంటే నేనొక్కణ్ణే లోపలెట్లా పడుకుంటాను?"

"ఎవరు?"

"బర్మాలో మా పటాలంవాళ్ళు నలుగురు. ఆ రాత్రి కాపలా వంతు నాది. నాకు కునుకు పట్టింది. వాళ్ళు మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచీ నా వెంటే ఉన్నారు."

ఇన్నేళ్ళకి నోరు విప్పాడు. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది.

"ఇంతేనా? అయితే వాళ్ళనీ రమ్మను. ఇంటికొచ్చినవాళ్ళని వాకిట్లో నిలబెడతామా?"

పసిపిల్లాణ్ణి సముదాయించినట్టు అన్నాను, అంతే. అన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నిజంగా పిలుస్తావా కరీమూ? నోటితో పిలవాలి" అన్నాడు.

అన్నతో ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. చుట్టాలకి పెట్టినట్టే గడప పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి తలుపు బార్లా తీశాను.

"రండి నాయనా, కాళ్ళు కడుక్కుని లోపలికి రండి."

ఊరంతా మిరప ఘాటు ఉండే రోజులవి. ఉన్నట్టుండి ఆ ఘాటు పోయింది. తడిసిన మట్టి, కుళ్ళిన ఆకుల వాసన... మా ఊళ్ళో వాన పడి నెలలైంది.

చెంబు పక్కకి ఒరిగింది. నీళ్ళు గలగలా కారాయి.

అలికిన నేల మీద ఒక తడి అడుగు... బూటు అడుగు. దాని వెనక ఇంకొకటి... ఇంకొకటి... దీపం వణికింది. లోపల ఈతచాప కిర్రుమంది.

యా అల్లా!

అన్న మాత్రం గడప అవతలే నిలబడ్డాడు. ఆ మొహంలో పాత నవ్వు!

"పడుకున్నారు" అన్నాడు మెల్లగా. "ఇంక నా కాపలా అయిపోయింది."

వెనక్కి తిరిగి నడిచాడు.

"అన్నా! నేను రమ్మన్నది నిన్ను కదా!"

కల్లందాకా పరుగెత్తాను. లేడు. మిరపచేల మీద మంచు పరుచుకుంది. గొంతు ఎండేదాకా పిలిచాను.

తిరిగొచ్చి చూస్తే తలుపు వేసి ఉంది. నెట్టాను. లోపల గడియ పెట్టారు. నా ఇంటి తలుపు నేనే తట్టాను.

లోపల ఎవరో కదిలారు.

"ఎవరక్కడ?"

"నేను... కరీమున్ని. ఇది నా ఇల్లయ్యా."

కాసేపు గుసగుసలు. తర్వాత అదే గొంతు, తలుపుకి ఆనుకుని అన్నట్టుగా...

"ఈ పూట వంతు నీది. కునుకు తియ్యకు."

అరుగు మీద కూలబడ్డాను. చలి కొరుకుతోంది. ఎవర్ని పిలవను, ఏమని చెప్పను? చాలాసేపటికి ధైర్యం చేసి తలుపుకి చెవి ఆనించాను. లోపల ఆదమరిచి నిద్రపోతున్నారు. ఒక్కొక్క ఊపిరీ విడివిడిగా వినిపిస్తోంది; మధ్యలో నాకు తెలిసిన దగ్గు.

నేను పిలిచింది నలుగురిని. లోపల ఐదుగురు ఉన్నారు.