దేవదారు ముద్ర

ముందు పిస్తోలునే చూసింది నజ్వా.

తర్వాతే శవాన్ని!

అదే ఆమె కొంప ముంచింది. బల్ల పక్కన నేల మీద నల్లటి పాత పిస్తోలు. దాని మీద దేవదారు చెట్టు ముద్ర. ఒకప్పటి బేరూత్ పోలీసులది! దీనికోసం ఎన్ని దుకాణాలు తిరిగిందో, ఎంతమందిని బతిమాలిందో... చెయ్యి దానంతటదే వెళ్ళింది. తీసి, ఆశగా తిప్పి చూసింది.

గొట్టం ఇంకా వెచ్చగా ఉంది!

అప్పుడు కనబడ్డాయి బల్ల వెనక కాళ్ళు.

సర్కిస్... పాత తుపాకులు బాగుచేసి అమ్మే సర్కిస్. సాయంత్రం తనే ఫోన్ చేశాడు. "డాక్టరమ్మా, దేవదారు ముద్రది ఒకటి చూపించాలి. నువ్వొక్కదానివే రా" అన్నాడు. పేషెంటు పన్ను సగంలో వదిలేసి, సంచి భుజాన వేసుకుని మరీ వచ్చింది.

ఇప్పుడు సర్కిస్ చొక్కా నిండా రక్తం.

"అన్నా! దుకాణం కట్టేద్దామా?"

తలుపు తెరుచుకుంది. సర్కిస్ తమ్ముడు వర్తాన్! అన్నని చూశాడు. ఆమెని చూశాడు. ఆమె చేతిలో ఉన్నదాన్ని చూశాడు.

"ఒసేయ్! ఏం చేశావే మా అన్నని?"

"వర్తాన్... నేను కాదు... నేను వచ్చేసరికే..."

వినే స్థితిలో లేడు. ఇనపరాడ్ అందుకున్నాడు.

పరుగు!

వెనక తలుపు. ఇరుకు మెట్లు. కిందికి కాదు, పైకి! అప్పుడే కరెంటు పోయింది. బుర్జ్ హమ్మూద్ పేట వీధులన్నీ ఒక్కసారిగా చీకట్లో మునిగాయి. మేడ మీద నీళ్ళ ట్యాంకుల చాటున నక్కి కూర్చుంది నజ్వా. సంచి ఒళ్ళోకి లాక్కుంది. పిస్తోలు ఇంకా చేతిలోనే ఉంది. పారెయ్యాలంటే తన వేలిముద్రలు. దాచాలంటే హత్యాయుధం!

కింద వర్తాన్ అరుపులు. "పట్టుకోండి! మా అన్నని చంపేసింది!"

ఫోన్ తీసింది. ఈ ఊళ్ళో ఒక్కడే గుర్తొచ్చాడు. మున్జిర్. ఆమెకి ఈ పాత పిస్తోళ్ళ పిచ్చి అంటించినవాడు. ఆమె అద్దాల బీరువాలో సగం అతను వెతికి అమ్మినవే.

"అన్నా... సర్కిస్‌ని ఎవరో చంపేశారు. పిస్తోలు నా చేతిలో ఉంది. వర్తాన్ నేనే అనుకుంటున్నాడు!"

"ఏడవకు చెల్లెమ్మా. చర్చి వెనక సందులోకి రా. కారు తెస్తున్నా."

పక్క మేడ మీదికి దూకింది. మోకాలు చీరుకుపోయింది. ఆగలేదు. మెట్లు దిగి, మాంసం కొట్టు పక్క సందులోంచి చర్చి వెనక్కి వచ్చేసరికి కారు సిద్ధంగా ఉంది.

ఎక్కింది. కారు కదిలింది.

వెనక ఎక్కడో మోటార్ సైకిల్ స్టార్టయిన చప్పుడు...

"ఎవరైనా చూశారా నిన్ను?"

"వర్తాన్ ఒక్కడే. అన్నా, పోలీస్ స్టేషన్‌కి పోనీ. జరిగింది చెప్తాను."

"పిచ్చా నీకు? నీ వేలిముద్రలున్న పిస్తోలు పట్టుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెడతావా? సముద్రంలో పారేద్దాం. ఇలా ఇయ్యి."

ఇవ్వబోయింది.

ఆగింది.

"దేవదారు ముద్రది అన్నా ఇది!"

"తెలుసు. ఇయ్యి."

తెలుసు?!

తను ఫోన్‌లో పిస్తోలు అని మాత్రమే చెప్పింది. పైగా ఇతను మున్జిర్! పాత పిస్తోలు కనిపిస్తే అన్నం మానేసి చూసే మనిషి. ఇంత అరుదైన సరుకు పక్క సీట్లో ఉంటే, ఒక్కసారి లైటు వేసి చూడడా? సముద్రంలో పారేద్దామంటాడా?

"చూడవా అన్నా?"

"ఇప్పుడా?"

"చూసేశావు కదూ... ఇంతకుముందే?"

సడన్ బ్రేక్!

సముద్రపు ఒడ్డు. మూతపడ్డ గోదాములు. చుట్టుపక్కల పిట్ట కూడా లేదు. మున్జిర్ నెమ్మదిగా ఇటు తిరిగాడు. ముఖంలో అన్నయ్య లేడు.

"దాంట్లో చూడ్డానికేముందే? ఆ ముద్ర నేను కొట్టిందే!"

నజ్వా ఆ ముద్రని బొటనవేలితో తడిమింది.

"మామూలు పాత పిస్తోలు తెచ్చి, ముద్ర కొట్టి, పోలీసులదనో, సైన్యానిదనో చెప్తే కళ్ళకద్దుకుని కొంటారు మీలాంటి పిచ్చోళ్ళు. నీ బీరువాలో నేనిచ్చినవన్నీ అంతే, ముద్రలే వేరు. సర్కిస్ కనిపెట్టేశాడు. ఇవాళ నిన్ను పిలిచింది అమ్మడానికి కాదు. నా గుట్టు విప్పడానికి! ఎంతో చెప్పి చూశాను, వినలేదు ముసలాడు."

"అందుకని చంపేస్తావా? ఆయన ఇంట్లో అన్నం తిన్నావు కదరా!"

మున్జిర్ చేతిలోకి ఇంకో పిస్తోలు వచ్చింది. కొత్తది. మెరుస్తోంది.

"సర్కిస్‌ని చంపి, భయంతో నువ్వూ కాల్చుకున్నావు. బాగుంది కదా కథ?"

నజ్వా పాత పిస్తోలు ఎత్తింది.

మున్జిర్ పకపకా నవ్వాడు. "ఎత్తు, ఎత్తు! అందులో ఒకే ఒక్క తూటా పెట్టాను. అది సర్కిస్ గుండెల్లో ఉంది."

"మున్జిర్..."

"ఊఁ?"

"నేనివాళ కొనడానికి వెళ్ళాను రా. తూటాలు పెట్టి చూసుకోకుండా పాత పిస్తోలు కొంటానా? సంచిలో తీసుకెళ్ళాను. మేడ మీద నక్కినప్పుడు... నింపేశాను!"

అతని నవ్వు ఆగిపోయింది. ట్రిగ్గర్ మీద అతని వేలు బిగిసింది. నజ్వా ముందే నొక్కేసింది.

ఢాం!

మెరిసే పిస్తోలు మున్జిర్ చేతిలోంచి ఎగిరిపడింది. భుజం పట్టుకుని, స్టీరింగ్ మీద వాలి గావుకేక పెట్టాడు.

కారు తలుపు ఊడొచ్చేలా తెరుచుకుంది. రాడ్ ఎత్తి వర్తాన్! మోటార్ సైకిల్ అతని వెనక పడి ఉంది.

నజ్వా కదల్లేదు. పిస్తోలు గొట్టం తన వైపుకి తిప్పి, పిడిని అతని వైపు చాచింది.

"కొట్టాలంటే కొట్టు వర్తాన్. ముందు వీణ్ణి అడుగు. మీ అన్నని ఎందుకు చంపాడో."

వర్తాన్ రాడ్ దించలేదు. కళ్ళు మాత్రం మున్జిర్ వైపు తిరిగాయి.

"నన్నేం చెయ్యకు వర్తాన్!" నొప్పితో ఏడుస్తూ మొత్తుకుంటున్నాడు మున్జిర్. "మీ అన్నకి చెప్పాను... నోరు మూసుకుంటే సగం వాటా ఇస్తానన్నాను! ఒప్పుకుంటే బతికేవాడు కదరా!"

వర్తాన్ చేతిలోని రాడ్ జారి కింద పడింది.

మున్జిర్ మీంచి చూపు తిప్పకుండానే, నజ్వా చేతిలోంచి పిస్తోలు అందుకున్నాడు.