నలభై దాటని బండి

"నడిచి వెళ్ళినా ఈపాటికి కొండ మీద ఉండేవాళ్ళం," అంది వెనక సీటులోంచి ఎక్స్‌రే.

"కొత్త పిస్టన్ వేశాను. మొదటి ఐదొందల కిలోమీటర్లు నలభై దాటించకూడదు," అన్నాడు మెకానిక్.

"దాటిస్తే?"

"ఇంజన్ పట్టేసి ఆగిపోతుంది."

"ఇందాక ఒక సైకిలాయన మనల్ని దాటిపోతూ చెయ్యి ఊపాడు. చూశావా?"

చూశాడు. చూడనట్టు అద్దం సర్దుకున్నాడు.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రెండేళ్ళ కిందట జాకీ జారి మణికట్టు మీద పడితే అతను ఆమె దగ్గరికి వెళ్ళాడు. కదలకండి అని మూడుసార్లు చెప్పింది. మెషీన్ వెనక గరగరమంటున్నదేమిటో చూద్దామని అతను మూడుసార్లూ కదిలాడు. "చెయ్యి చూపించుకోవడానికి వచ్చారా, నా మెషీన్ బాగుచెయ్యడానికి వచ్చారా?" అని కసిరిందామె. "ఫ్యాన్ బేరింగ్ పోయిందండీ," అన్నాడు అతను వినయంగా. నిజంగానే పోయింది. అప్పటినుంచి అతను ఆమెకు మెకానిక్, ఆమె అతనికి ఎక్స్‌రే. మధ్యలో ఉన్న 'అండీ'లు ఎప్పుడు రాలిపోయాయో ఇద్దరికీ గుర్తులేదు.

ఇక పిస్టన్ సంగతి. అతను చెప్పిన ఆ ఐదొందల కిలోమీటర్లు పోయిన నెలే పూర్తయ్యాయి. బండి ఇప్పుడు ఎనభైలో కూడా హాయిగా పోతుంది. అతనికే పోవాలని లేదు.

ఎందుకంటే దూరంగా ఇంకో ఊళ్ళో పెద్ద ఆసుపత్రి వాళ్ళు ఆమెకు స్కానింగ్ విభాగంలో ఉద్యోగం ఇచ్చారు. వస్తుందో రాదో ఇవాళ సాయంత్రం ఐదులోగా ఫోన్ చేసి చెప్పాలి. లేదంటే అది జాబితాలో తర్వాతి వాళ్ళకు పోతుంది. "తల వేడెక్కిపోతోంది, కాస్త కొండ మీదికి తీసుకెళ్ళవా?" అని నిన్న ఆమే అడిగింది. మంగళవారం అతను పనిచేసే మామయ్య షెడ్డుకు సెలవు కాబట్టి సరేనన్నాడు. సెలవు కాకపోయినా అనేవాడే.

వెళ్ళొద్దనడానికి నేనెవర్ని, అనేది అతని బాధ. వెళ్ళమనడానికి నోరు రాకపోవడం ఇంకో బాధ.

ఎక్కేకొద్దీ మంచు రోడ్డు మీదికి దిగింది. ముందు చెట్లు కనిపించకుండా పోయాయి, తర్వాత మలుపులు, ఆ తర్వాత కింద వదిలి వచ్చిన ఊరు. మిగిలింది బండి ముందున్న నాలుగు గజాల రోడ్డు, వెనక ఆమె సన్నగా తీస్తున్న కూనిరాగం. ఆ రాగానికి మొదలూ చివరా లేవు. ఈ రోడ్డు కూడా అలాగే ఉంటే ఎంత బాగుండు అనుకున్నాడు. బండి ముప్పైకి దిగింది.

"నువ్వేం చెయ్యమంటావ్?" అంది కూనిరాగం ఆపి.

"నీ ఇష్టం."

"నా ఇష్టం నాకు తెలుసు. నీది అడిగాను."

"మంచి ఆసుపత్రి అంటున్నారు కదా అందరూ."

"అందరినీ బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చావా?"

అతను మలుపు లేకపోయినా హారన్ కొట్టాడు. అంతలో పైకి చేరుకున్నారు.

మధ్యాహ్నమంతా వానే. కొండ కొసనున్న టీ దుకాణంలో కిటికీ పక్కన కూర్చున్నారు. ఆవిరి పట్టిన అద్దం మీద ఆమె వేలితో స్కానింగ్ మెషీన్ బొమ్మ వేసి, మనిషిని కోయకుండానే లోపలంతా పొర పొరగా ఎలా చూపిస్తుందో చెప్పుకుపోయింది. చెబుతుంటే మొహం వెలిగిపోయింది. టీ రెండుసార్లు చల్లారింది. అతనికి ఆ మెషీన్ మీద అసూయ కలిగింది, ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోవాలనీ అనిపించింది.

వాన వెలిసేసరికి నాలుగున్నర. ఆమె ఫోన్ తీసి చూసుకుంటే సిగ్నల్ లేదు.

"వాన పడితే ఇక్కడంతే తల్లీ," అంది దుకాణం పెద్దావిడ. "కింద ఊరికి పోవాల్సిందే. ఇరవై కిలోమీటర్లు."

ఎక్స్‌రే అతనివైపు తిరిగింది. "నలభైలో వెళ్తే ఎన్నింటికి చేరతాం?"

"మలుపులున్నాయి. ఐదుంపావు అవుతుంది."

ఆమె ఫోన్‌ని సంచిలో పడేసింది. "పోనీలే," అంది చిన్న గొంతుతో. "పాపం అంత కష్టపడి వేసుకున్న ఇంజన్. పాడు చేసుకోకు."

నోరు మూసుకుంటే చాలు. పావుగంట ఆలస్యమైతే ఆమె ఇక్కడే ఉండిపోతుంది, తప్పు ఎవరిదీ కాదు, పిస్టన్‌ది. ఇంత తేలికగా దొరుకుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. కానీ అద్దం మీద ఆ బొమ్మ ఇంకా కారుతూనే ఉంది.

"ఐదొందల కిలోమీటర్లు పోయిన నెలే అయిపోయాయి," అన్నాడు.

"ఏంటీ?"

"నువ్వు వెనక కూర్చున్నావు. త్వరగా చేరడం ఇష్టం లేక అబద్ధం చెప్పాను. నువ్వంటే నాకు ఇష్టం. నీకు ఆ ఉద్యోగమంటే ఇష్టం. పొద్దుటినుంచీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఇంక చూడలేను గానీ, ఎక్కు."

ఆమె హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. పొద్దున సీటు పట్టుకున్న చేతులు ఇప్పుడు అతని నడుం చుట్టూ ఉన్నాయి. వేగానికి భయపడి ఉంటుందని అతను సరిపెట్టుకున్నాడు. మలుపులు జాగ్రత్తగా దిగి, తిన్నని రోడ్డు రాగానే బండిని దాని ఇష్టానికి వదిలేశాడు.

ఊరి మొదట్లో ఆగేసరికి ఐదుకి మూడు నిమిషాలుంది. ఆమె ఫోన్ పట్టుకుని ఓ పక్కకు వెళ్ళింది. అతను గ్రీజు గుడ్డ తీసి, శుభ్రంగా ఉన్న చైన్‌ని తుడవడం మొదలుపెట్టాడు.

"వస్తానండీ," అన్న మాట వినపడింది.

తెచ్చి దింపింది ఆ మాట కోసమే. అయినా అతని చెయ్యి ఆగిపోయింది.

అడుగుల చప్పుడైంది. తలెత్తి చూస్తే, ఫోన్‌ని అరచేత్తో మూసుకుని ఆమె ఎదురుగా నిలబడి ఉంది.

"క్వార్టర్స్ ఇస్తారట. ఒక్కరికా, ఇద్దరికా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటావ్?"

అతని నోట మొదట వచ్చిన మాట, "షెడ్డులో మూడు బండ్లు విప్పి ఉన్నాయి. మామయ్యకి చెప్పాలి."

"ఆ ఊళ్ళోనూ బండ్లు పాడవుతాయి. మామయ్యకి నేను చెప్తాను. లైన్‌లో ఉన్నారు, తొందరగా."

"కొండ మీద నేను చెప్పకపోయుంటే?"

"నువ్వు చెప్పావంతే, అడగలేదు. నేనే అడుగుతున్నాను."

"ఇద్దరికి," అన్నాడు.

ఆమె ఫోన్ చెవికి పెట్టుకుంది. "ఇద్దరికండీ." అవతల ఏదో అన్నారు. "లేదండీ, ఇంకా కాలేదు. తేదీనా?"

అతనివైపు చూసింది. అతను నేలకేసి చూస్తూ నవ్వుకుంటున్నాడు.

"ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెప్తామండీ," అంటూ ఆమె అతని చేతిలోంచి గ్రీజు గుడ్డ లాగి పారేసి, నల్లగా ఉన్న ఆ చేతిని అలాగే పట్టుకుంది.