ఫర్నేస్ గదిలో రాజధాని తగువు

బ్రాంప్టన్‌లోని ఆ బేస్‌మెంట్‌లో, చీకటి పడ్డాక, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ గది వైపు ఎవరూ పోరట. వెనకటికి ఆ ఇంట్లో ఉన్న ఫ్రెంచ్ ముసలామె సొంతూరు మోంపెలియే మీద బెంగతో ఆ గదిలోనే పోయిందట. పోయిందని కొందరు... ఇంకా పోలేదని కొందరు.

అక్కడ అద్దెకున్న వాసంతికి మాత్రం దెయ్యంకన్నా రూమ్మేట్ ధాత్రి అంటేనే గుబులు.

ఇద్దరి వర్క్ పర్మిట్లూ ముగియవస్తున్నాయి. అక్కడే స్థిరపడనిచ్చే పీఆర్‌కి కావాల్సిన పాయింట్ల కోసం ఇద్దరూ ఫ్రెంచ్ మొదలుపెట్టారు. వచ్చే వారమే స్పీకింగ్ టెస్ట్. మొన్నటిదాకా ‘బోంజూర్’ దగ్గరే తడబడిన ధాత్రి ఈమధ్య గడగడా మాట్లాడేస్తోంది! ట్యూటర్ దాన్ని మెచ్చుకున్నప్పుడల్లా వాసంతికి కడుపులో సెగ.

‘దీనికెవరో చాటుగా నేర్పుతున్నారు...’

డిసెంబరు. సాయంత్రానికే చిమ్మచీకటి. షిఫ్ట్ నుంచొచ్చి బూట్లు విప్పుతున్న వాసంతి ఆగిపోయింది.

ఫర్నేస్ గదిలో గుసగుస — ఫ్రెంచ్‌లో!

‘పిరనీ కొండల నుంచి మధ్యధరా సముద్రం దాకా... మతం మార్చుకోని కాథార్లనే క్రైస్తవ వర్గం వాళ్లను మోంసెగ్యూర్ కోట కింద బతికుండగానే తగలబెట్టారు...’

ఆ వెనకే — ఒక నిట్టూర్పు.

వాసంతి తలుపు తోసింది. లోపల దుప్పటి కప్పుకుని, ఫోన్ వెలుగులో... ధాత్రి!

“నువ్వటే! ఇక్కడేం చేస్తున్నావ్?”

“నువ్వు కుళ్లుకుంటావనే తల్లీ, ఇక్కడ కూర్చుని ప్రాక్టీస్ చేస్తున్నా! ఆక్సితానీ అనే ఫ్రెంచ్ ప్రాంతం గురించి. రెండు ప్రాంతాల్ని కలిపి ఒకటి చేశారుగా, అప్పుడు మోంపెలియేని కాదని తులూజ్‌ని రాజధాని చేశారు.”

మళ్లీ... నిట్టూర్పు.

ధాత్రి విసుక్కుంది. “ఆ ప్రాంతం ఊసెత్తినప్పుడల్లా ఇదే! రోజూ తలుపు వెనక నిలబడి ఎందుకే అలా ఉసూరంటావ్?”

“నేనా? నేనిప్పుడే కదే వచ్చింది...”

ధాత్రి ఫోన్ వెలుగు గది మూలల్లోకి తిప్పింది. “మరి... నా తప్పులు దిద్దేది? అది ఫోన్‌లో యాప్ అనుకున్నానే...”

ఫర్నేస్ టప్పున ఆగిపోయింది. గదంతా చలి.

పారిపోవాల్సిందిపోయి వాసంతికి ఒళ్లు మండింది. ఓహో! దెయ్యం కూడా దీనికే ట్యూషన్ చెప్పాలా?

గొంతు సవరించుకుని, చీకట్లోకి వంగి, వచ్చీరాని ఫ్రెంచ్‌లో అంది — “మేడమ్... నన్నడిగితే, రాజధాని మోంపెలియేకే ఇవ్వాల్సింది.”

అంతలో, చెవి పక్కనే, చల్లగా —

“బ్రావో...”

ధాత్రి కెవ్వుమని మెట్లవైపు పరుగెత్తింది. వాసంతి మాత్రం కదల్లేదు. మొహం వెలిగిపోతోంది.

“ఒసే ధాత్రీ, విన్నావా? నిన్నెప్పుడైనా బ్రావో అందా?”