ఇంకొక్క టేబుల్

గచ్చిబౌలిలో ఆ సందు పేరు మాత్రం చెప్పను. చెబితే ఈ రాత్రే బయల్దేరేవాళ్ళు మీలో ఒకరిద్దరైనా ఉంటారని నాకు తెలుసు. గుర్తు చెబుతాను, చాలు. గాజు మేడల వెనకాల, వాటి మధ్య ఎవరో మరిచిపోయి వదిలేసినట్టుండే పాత బిల్డింగు. కింద సెల్లార్, దాని మీద గ్రౌండ్ ఫ్లోర్, ఆ పైన ఫస్ట్ ఫ్లోర్. గ్రౌండ్ ఫ్లోర్ షట్టర్ దించే ఉంటుంది. దానికి కట్టిన ‘అద్దెకు ఇవ్వబడును’ బోర్డు మీద ఫోన్ నంబరు ఎండకు వెలిసిపోయింది. అడిగినవాళ్ళు లేరు, కాబట్టి మళ్ళీ రాయించినవాళ్ళూ లేరు.

చీకటి పడ్డాక బైక్ టాక్సీ కుర్రాళ్ళు అక్కడిదాకా రారు. లోపల బండి తిప్పుకోవడం కష్టం సార్, సందు మొదట్లోనే దిగండి అంటారు. నిజానికి అక్కడ లారీ కూడా తిరుగుతుంది.

భయం బిల్డింగు గురించి కాదు. దాని గోడలో ఒక ఇనప డబ్బా ఉంది... మనుషులెక్కే లిఫ్టు కాదు, పళ్ళేలు ఎక్కేది. సెల్లార్ నుంచి ఫస్ట్ ఫ్లోర్ దాకా తాడు మీద నడుస్తుంది. బటన్ నొక్కితే గంట మోగుతుంది, డబ్బా వస్తుంది.

నొక్కకపోయినా వస్తుందని చెప్పుకుంటారు.

మధుసూదన్‌కు ఇవేవీ తెలియవు. కర్నూలువాడు. ఏళ్ళ తరబడి కంప్యూటర్ ముందు కూర్చుని నడుం పట్టేశాక, సంగటి కలుపుకున్నా ఇంతకంటే సుఖంగా ఉంటాననుకుని ఉద్యోగం మానేసి, ఆ ఫస్ట్ ఫ్లోర్‌లో హోటల్ పెట్టాడు. రాగి సంగటి, నాటుకోడి పులుసు, జొన్నరొట్టె. కౌంటర్లో భార్య మౌనిక. సుఖం సంగతి సరే, మొదటి నెలలోనే పనివాళ్ళు ఒక్కొక్కరే జారుకోవడం మొదలైంది.

ఒకడు అర్ధరాత్రి గంట విన్నాడు, మర్నాడు రాలేదు. ఇంకొకడు ఆ డబ్బాలోంచి రొట్టె కాలుతున్న వాసన వస్తోందని చెప్పి, చెప్పులు కూడా వదిలేసి పోయాడు. దెయ్యానికి భయపడనివాళ్ళు ఓట్లకని, పండక్కని బీహార్ రైలెక్కారు. కొత్తవాళ్ళను పెట్టుకుందామంటే, కోకాపేటలో పూటకొకటి లేచే హోటళ్ళు వాళ్ళను ముందే ఎగరేసుకుపోయాయి. ఇంజనీర్లు బయోడేటాలు పట్టుకు తిరుగుతున్న ఊళ్ళో అంట్లు తోమే మనిషి దొరకడం లేదు... ఆ వింతకు నవ్వుకునే ఓపిక కూడా మధుకు మిగల్లేదు.

చివరికి ఇద్దరే మిగిలారు. వంటకు ఓంకార్, వడ్డనకు మల్లయ్య.

అప్పుడొచ్చింది ఆ శనివారం. వరస సెలవులు, ఊరు ఊరంతా బయటే తినాలని ఒట్టు పెట్టుకున్నట్టుంది. మెట్ల మీద జనం, మెట్ల కింద జనం. పైగా పక్క మేడలోని ఒక కంపెనీ నుంచి రసజ్ఞ అనే అమ్మాయి తమ టీమ్ మొత్తాన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆఫీసులో భోజనాల ఏర్పాట్లు చూసేది ఆమే. ఈ రాత్రి నచ్చితే రోజూ మధ్యాహ్నం భోజనం మీ దగ్గర్నుంచే అని ముందే మాటిచ్చింది. నచ్చకపోతే ఏం చెయ్యాలో మధూ మౌనికా కూడా ముందే అనుకున్నారు. సోమవారం పొద్దున హోటల్ తాళాలు బిల్డింగు ఓనర్ చేతిలో పెట్టెయ్యాలి. అంతే.

జనం కూర్చున్నారు. మంచినీళ్ళు వెళ్ళాయి. సరిగ్గా అప్పుడు ఓంకార్ పొయ్యి కట్టేసి, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పాడు.

"సార్... డబ్బా పైకొచ్చింది. నేను పిలవలే."

ఇంకో మాట లేదు. వెనక మెట్ల మీంచి దిగిపోయాడు.

మధు తనే గరిటె పట్టాడు. ఇంట్లో నలుగురికి వండిన చెయ్యి, నలభైమందికి వండమంటే ఏం చేస్తుంది? ఉల్లిపాయ మాడింది. పులుసు అడుగంటింది. జొన్నపిండిలో నీళ్ళెక్కువై, తట్టిన రొట్టె మూడు ముక్కలై పెనానికి అతుక్కుంది. బయట ఎవరో గ్లాసును చెంచాతో కొడుతున్నారు. మౌనిక తలుపు దగ్గరికి వచ్చింది. ఎంతసేపు అని ఆమె అడగలేదు. మొహం చూసి వెనక్కి తిరిగింది. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

అప్పుడు... గంట మోగింది.

ఇనప డబ్బా తలుపు సగం తెరుచుకుని ఉంది. లోపల ఏమీ లేదు.

"జర దూరం జరుగుండ్రి సార్," అని మల్లయ్య గొంతు తగ్గించాడు.

అతను ఈ బిల్డింగులో పాతకాపు. ఇంతకుముందిక్కడ మూడంతస్తులూ కలిపి ఒకటే పెద్ద హోటల్ నడిచేదట. అన్నం, కూరలు సెల్లార్‌లో. బల్లలు ఫస్ట్ ఫ్లోర్‌లో. మధ్యలో, గ్రౌండ్ ఫ్లోర్‌లో, రోడ్డున పోయేవాళ్ళకు కనబడేలా అద్దం వెనక కూర్చుని జొన్నరొట్టెలు తట్టేది సుంకమ్మ అనే మనిషి. కూరల డబ్బా కిందనుంచి వచ్చి, ఆమె దగ్గర ఆగి, రొట్టెలు ఎక్కించుకుని పైకి పోయేది. ఒక సెలవుల రాత్రి ఇలాగే మనుషులు తక్కువ, జనం ఎక్కువ. పొద్దుట్నుంచి ఆమె నోట్లో మెతుకు పడలేదు. తల తిరుగుతోంది, ఇంత తిని వస్తానందట. మేనేజరు ఇదే డబ్బా తలుపులోకి వంగి, ఇంకొక్క టేబులే సుంకమ్మా అన్నాడట. అది అయ్యాక మళ్ళీ ఇంకొక్క టేబులే. చివరికి తపతప శబ్దం ఆగిపోయింది. వెళ్ళి చూస్తే, చేతికి పిండితో అట్లనే కూసోని ఉంది.

"గప్పటి సంది గింతే సార్. అది ఆకలితోని పోయింది."

మధు వినలేదని కాదు. విన్నాడు. కానీ నీళ్ళలో మునిగేవాడికి ఒడ్డున ఉన్నది మనిషో దెయ్యమో చూసుకునే తీరికెక్కడిది? ఆర్డరు చీటీ ఒకటి చింపాడు. కోడికూర, అన్నం, జొన్నరొట్టెలు అని రాశాడు. డబ్బాలో పడేసి బటన్ నొక్కాడు.

"వండేటట్టుంటే వండు," అన్నాడు లోపలికి. గొంతు అతనిది కానట్టుంది. "లేకుంటే నన్ను కూడా తీస్కపో."

తాడు కదిలింది. డబ్బా చీకట్లోకి దిగింది.

ఏమీ లేదు... ఏమీ లేదు...

తప. తప. తప.

గోడ లోపలినుంచి. తడి పిండి మీద అరచెయ్యి పడే చప్పుడు. మల్లయ్య రెండడుగులు వెనక్కి వేసి ఫ్రిజ్‌ను వాటేసుకున్నాడు.

తాడు మళ్ళీ కదిలింది. పైకొస్తూ వస్తూ డబ్బా మధ్యలో ఒక్క క్షణం ఆగింది. పాత తాడు, పట్టేసి ఉంటుందనుకున్నాడు మధు. మళ్ళీ కదిలింది. గంట.

తలుపు తీస్తే మొహానికి ఆవిరి కొట్టింది. గిన్నె నిండా కోడికూర. పక్కన అన్నం. గిన్నె మూత మీద, ఇప్పుడే పెనం దిగిన జొన్నరొట్టెలు.

వేలు ముంచి నాకాడు. చింతపండు తగిలింది, దాని వెనక సన్నగా బెల్లం. కారం ఎవరికో భయపడి వేసినట్టుంది. ఇది సీమ దెయ్యం కాదు, గోదావరి దెయ్యం అనుకున్నాడు. అంత భయంలోనూ ఆ మాట తోచినందుకు తన మీద తనకే చిరాకేసింది. రొట్టె తుంచాడు. అది మాత్రం... పల్చగా, అంచు ఎక్కడా చిట్లకుండా, అచ్చం కర్నూల్లో వాళ్ళవ్వ తట్టినట్టు.

ఆలోచించడానికి టైము లేదు. మల్లయ్య కళ్ళు మూసుకునే పళ్ళేలు అందుకున్నాడు.

ఆ తర్వాత చీటీ దిగడం, డబ్బా ఎక్కడం. దిగడం, ఎక్కడం. ప్రతిసారీ మధ్యలో ఆ చిన్న ఆగుడు. ప్రతిసారీ వేడి రొట్టెలు. బయట చెంచాల మోత తగ్గి, నవ్వులు మొదలయ్యాయి. రసజ్ఞ కౌంటర్ దగ్గరికొచ్చి, రొట్టెలు చేసేదెవరో ఒకసారి పరిచయం చెయ్యమని అడిగిందట. ఆవిడ కొంచెం బిడియస్తురాలు అని మౌనిక తోచింది చెప్పింది.

టీమ్ తిని వెళ్ళిపోయింది. సోమవారం నుంచి భోజనాలు పంపమని రసజ్ఞ మెట్ల మీంచే చెప్పి పోయింది. గండం గడిచింది. అక్కడితో తలుపేసుకుంటే ఈ కథే లేదు.

కానీ మెట్ల మీద ఇంకా ఒక గుంపు మిగిలి ఉంది. ఆఫీసు బ్యాగులతో నలుగురు కుర్రాళ్ళు. మధుకు ఆశ పుట్టింది. చీటీ డబ్బాలో వేసి, తల లోపలికి వంచి, ఆలోచించకుండా అనేశాడు.

"ఇంకొక్క టేబులే."

మల్లయ్య చేతిలోని పళ్ళెం కింద పడింది.

గోడలో తపతప ఆగిపోయింది.

బటన్ నొక్కాడు. తాడు కదల్లేదు. మళ్ళీ నొక్కాడు... ఏమీ లేదు. ఇంతసేపూ భయపెట్టిన చప్పుడు కంటే, ఆ చప్పుడు లేకపోవడం ఎక్కువ భయపెట్టింది. ఏమన్నాడో అప్పటికి గానీ అతనికి అర్థం కాలేదు.

ఫోన్ లైటు వేసుకుని మెట్లు దిగాడు. ఎందుకు దిగాడంటే చెప్పలేడు. క్షమించమని అడగడానికో, ఆమె కూర్చున్నచోట ఇంకా కూర్చునే ఉందేమో చూడటానికో. తాళం వేసి ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ దాటి, వెనక సందులోంచి సెల్లార్ ముందుకొచ్చాడు. తలుపు కింద సన్నటి వెలుతురు. లోపల ఎవరో గొణుగుతున్నారు.

తోశాడు.

పెద్ద డేగిసా వెనక, బనీనుతో, గరిటె గుండెకు హత్తుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఒక పెద్దాయన.

"ఉన్నదంతా పంపాను తల్లీ. ఇంక కోడి లేదు. నన్నొదిలెయ్యి."

ఆయన బతిమాలుతున్న దెయ్యం తనే అని మధుకు తెలియడానికి కాస్త సమయం పట్టింది.

ఆయన పేరు పట్టాభిరామయ్య. అమలాపురం వైపు. గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరై, వంట మీద ఇష్టంతో ఆ సెల్లార్‌లో వంటిల్లు పెట్టాడు. బోర్డు లేదు, బల్లలు లేవు, ఫోన్లో వచ్చే ఆర్డర్లు మాత్రమే. దారి వెనక సందులోంచి. పైన హోటల్ ఉందని విన్నాడు గానీ, లిఫ్టు పాడైపోయిందనే చెప్పాడు ఓనర్. కానీ గంట మోగేది, డబ్బా దానంతటది పైకి పోయేది. ఉన్న ఇద్దరు కుర్రాళ్ళూ పారిపోయారు. ఆ సెల్లార్ మెట్లు దిగడానికి డెలివరీవాళ్ళు ఒప్పుకోలేదు. వండిన కూర వండినట్టే మిగిలిపోతుంటే, ఈ రాత్రి పైనుంచి చీటీ దిగింది.

"కాదంటే ఏం చేస్తుందోనని నా దగ్గరున్నవన్నీ పెట్టి పంపేశానండి," అన్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైవాళ్ళు డబ్బా తుడుస్తూ బటన్ తగిలిస్తే కిందివాళ్ళకు దెయ్యం. కిందివాళ్ళు అడ్డంగా ఉందని పైకి తోస్తే పైవాళ్ళకు దెయ్యం. ఈయన మనుషులను వాళ్ళు, వాళ్ళ మనుషులను ఈయన తరిమేశారు. మధు నేల మీదే కూర్చుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. అందులో కొంత నవ్వు కాదు. పెద్దాయనా నవ్వేశాడు.

"మీరు మమ్మల్ని బతికించినారు సార్. కూర సరే, ఆ రొట్టెలకే పడిపోయినారు అందరూ."

పట్టాభిరామయ్య నవ్వు ఆగింది.

"రొట్టెలా... నాకు జొన్నరొట్టె తట్టడం రాదు బాబూ. నా దగ్గర పెనమే లేదు. అవి మీరే పైన చేసుకుని ఉంటారు. పైనుంచి తపతపమని వినబడుతూనే ఉంది కదండీ."

మధు నేల మీంచి లేచాడు.

"నాకు కిందనుంచి వినబడింది సార్."

ఇద్దరూ మెల్లగా తలలెత్తి కప్పు వైపు చూశారు. సెల్లార్‌కూ ఫస్ట్ ఫ్లోర్‌కూ మధ్య ఉన్నది ఒక్కటే.

పైకెళ్తూ మధు గ్రౌండ్ ఫ్లోర్ ముందు ఆగాడు. షట్టర్‌కు తుప్పు పట్టిన తాళం, తాళానికి సాలెగూడు. చలికాలపు రాత్రి. ఇనుము మీద అరచెయ్యి ఆనించాడు.

వెచ్చగా ఉంది.

పైన, మెట్ల మీది కుర్రాళ్ళకు మౌనికే చెప్పింది. మా వాళ్ళింకా అన్నం తినలేదు, తిన్నాకే మీకు అని. వాళ్ళు బ్యాగులు దించి మెట్ల మీదే కూర్చున్నారు. మధు ఒక కంచంలో అన్నం, గిన్నెలో మిగిలిన కోడికూర పెట్టాడు. డబ్బా తలుపులోకి వంగాడు.

"టేబుళ్ళు అయిపోయినాయి సుంకమ్మక్కా. తప్పయింది. ఇంక నువ్వు తిను."

ఎవరూ బటన్ నొక్కలేదు. ఇందాక ఎంత నొక్కినా కదలని డబ్బా, కంచం లోపల పెట్టగానే కిందికి దిగింది... సగం దాకానే.

ఇప్పుడు ఆ హోటల్ బాగానే నడుస్తోంది. కింద పట్టాభిరామయ్యగారు, పైన మధు, ఒకటే వంటిల్లు. సాయంత్రం బల్లలు వెయ్యకముందే పనివాళ్ళంతా కూర్చుని తింటారు. తలుపుకు బోర్డు వేలాడుతుంది: ‘మావాళ్ళు భోంచేస్తున్నారు, కాస్త ఆగండి.’ ఈ చుట్టుపక్కల ఏ హోటల్లోనూ లేని ఆ ముచ్చట విని, ఓంకార్ కూడా తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఒక్కరు మానలేదు.

మొదటి కంచం మాత్రం డబ్బాలో దిగుతుంది. పొద్దున్నే ఖాళీగా పైకొస్తుంది. పిల్లి తింటోందని పట్టాభిరామయ్యగారి వాదన. సరే, పిల్లే అనుకుందాం. తిన్న కంచం కడిగి బోర్లించిపోయే పిల్లి... దాన్ని పట్టుకోగలిగితే చెప్పండి, ఈ మనుషుల కరువులో గచ్చిబౌలి హోటళ్ళన్నీ దానికోసం కొట్టుకుంటాయి.

మల్లయ్య ఆ వాదనలోకి రాడు. పొద్దున్నే డబ్బా తలుపు తీస్తాడు, కంచానికున్న తడి తుడుస్తాడు, దాని అంచుకు అంటుకున్న జొన్నపిండిని మాత్రం తుడవకుండా వదిలేస్తాడు.