పట్టుగుడ్డలో చుట్టిన ర్యామ్

రాజమండ్రిలో డిటెక్టివ్ ఆదినారాయణరాజు గారి ఆఫీసు మెట్లెక్కింది దుర్గాశ్రీ. పాలకొల్లు నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఏం చెప్పాలో వల్లె వేసుకుంది. తీరా కుర్చీలో కూర్చున్నాక ఏడుపు తప్ప మాట రాలేదు. అసిస్టెంటు బేబి మంచినీళ్లిచ్చి, వచ్చేటప్పుడు అందరూ ఏడుస్తారనీ, వెళ్లేటప్పుడు సారు ఎవర్నీ ఏడవనివ్వరనీ ధైర్యం చెప్పింది. రాజుగారి మీద బేబికి ఉన్న గురి అలాంటిది.

సంగతేమిటంటే, రొయ్యల చెరువుల మీద నాలుగు రాళ్లు వెనకేసుకున్న చంద్రరావు, లోకమంతా కంప్యూటర్ జపం చేస్తోందని తనూ పాలకొల్లులో ఒక కంప్యూటర్ల షాపు తెరిచాడు. దుర్గాశ్రీ అక్కడ కౌంటర్లో కూర్చుంటుంది. ఆమె మేనబావ అశోక్ కంప్యూటర్లు బిగిస్తాడు. కార్తీకంలో ఇద్దరికీ నిశ్చితార్థం అయింది. అప్పటి నుంచీ షాపులో బిగించిన కంప్యూటర్లలో ర్యాములు, అంటే మెమరీ ముక్కలు, ఒకదాని వెనక ఒకటి చచ్చిపోతున్నాయి. అశోక్ మంచివి కాజేసి పాడైనవి పెడుతున్నాడని చంద్రరావు నింద వేశాడు. సోమవారంలోగా ఒప్పుకోకపోతే పోలీసులకు అప్పగిస్తానన్నాడు. అశోక్ అవునని గానీ కాదని గానీ అనకుండా మొగల్తూరులో పెద్దమ్మ ఇంటికి వెళ్లిపోయాడు.

"ఉత్తరం లేదు, ఫోను లేదండి. మోపెడ్ చప్పుడైతే చాలు, గుమ్మంలోకి పరిగెడుతున్నాను. తీరా చూస్తే ఇంకెవరో ఉంటారు. బావ దొంగ కాదని నాకు తెలుసండి. నాతో ఒక్క మాటైనా ఎందుకు అనలేదు?"

వెళ్తూ వెళ్తూ షాపులోంచి ఏమైనా తీసుకెళ్లాడా అని రాజుగారు అడిగారు. దుర్గాశ్రీ తడబడింది. దేవుడి పటం దగ్గరుండే పట్టుగుడ్డ ఆ రోజు నుంచే కనబడటం లేదు. అది ఆమె నిశ్చితార్థం జాకెట్టులో మిగిలిన ముక్క. తన గుర్తుగా పట్టుకెళ్లాడనుకుని, రాత్రిళ్లు ఆ ఊహతోనే కళ్లు మూసుకుంటోంది.

మర్నాడు రాజుగారూ బేబీ షాపుకి వచ్చారు. చెప్పులు గుమ్మంలో విప్పించారు. లోపల ఏసీ, నేలంతా కొత్త నైలాన్ తివాచీ. బీరువా పిడి ముట్టుకోగానే రాజుగారికి వేలు చురుక్కుమంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని ఆ పిడినే కాసేపు చూశారు.

చచ్చిన ర్యాములు తెప్పించారు. ప్రతిదాని మీదా దుర్గాశ్రీ సంతకం చేసిన గ్యారంటీ స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉంది. పీకితే చిరిగిపోయే రకం అది. అశోక్ సామాను నేరుగా తీసుకెళ్లి రైతుల ఇళ్లలో బిగించిన వాటిలో ఎన్ని పోయాయని చంద్రరావుని అడిగారు. ఒక్కటీ పోలేదు.

"మరి ఇక్కడ బిగించేవాటికి ఏం చేస్తారు?"

"పటం ముందు పెట్టి బొట్టు పెట్టందే ఏదీ లోపలికి వెళ్లదండి. చెరువులో రొయ్యపిల్లని వదిలేముందూ అంతే చేసేవాణ్ణి."

ఎలా పెడతారో దుర్గాశ్రీ ఉత్సాహంగా వివరించింది. దేవుడి ముందు కవరుతో పెట్టడం ఏం మర్యాదని, నిశ్చితార్థం అయినప్పటి నుంచీ ర్యాముని వెండి రంగు కవరులోంచి తీసి, పట్టుగుడ్డతో తుడిచి, అందులోనే చుట్టి పెడుతోంది. బావ చేతికి వెళ్లే వస్తువు కదా. రాజుగారు తల పంకించి, బేబిని మొగల్తూరు పంపారు.

సాయంత్రానికి అశోక్ వచ్చాడు. మాసిన గడ్డం, లోతుకు పోయిన కళ్లు. దుర్గాశ్రీ వైపు చూడలేదు. ఆమె మాత్రం కళ్లు తిప్పుకోలేకపోయింది. రాజుగారు అందర్నీ కూర్చోబెట్టి, అశోక్ జేబులోంచి పట్టుగుడ్డ తీయించారు. దాంతో ప్లాస్టిక్ స్కేలుని రుద్ది కాగితం ముక్కల మీద పెట్టగానే అవి ఎగిరి అతుక్కున్నాయి.

"ఇక్కడ దొంగతనం జరగలేదు చంద్రరావు గారూ. స్టిక్కర్లు చిరగలేదంటే ర్యాములు మారలేదు. పొడి ఏసీ గాలి, నైలాన్ తివాచీ, పట్టు రాపిడి కలిస్తే ఒంట్లో కరెంటు చేరుతుంది. మనకది చీమ కుట్టినట్టుంటుంది. ర్యాముకది పిడుగు, ఆ వెండి రంగు కవరే దానికి గొడుగు. కొన్ని అప్పటికప్పుడే పోతాయి, కొన్ని నాలుగు రోజులు పనిచేసి పోతాయి. అశోక్ ఆ కరెంటు నేలలోకి పోయేలా మణికట్టుకి పట్టీ కట్టుకుని, ముందు ఇనుప క్యాబినెట్ ముట్టుకుని, ర్యాముని అంచుల్తో పట్టుకునే మనిషి. అతని చేతికి రాకముందే అవి చచ్చాయి."

ఎవరి చేతిలో అని చంద్రరావు అడిగాడు.

"నా చేతిలోనేనండి," అన్నాడు అశోక్ వెంటనే.

"కాదు," దుర్గాశ్రీ లేచి నిలబడింది. "నేనేనండి. రోజూ నేనే తుడిచాను."

రాజుగారు అవునన్నారు. అశోక్‌కి ఆ సంగతి చివరి రోజున తెలిసిందనీ, ఇంకెవరూ వాడకుండా గుడ్డ పట్టుకుపోయాడనీ, తాను బయటపడాలంటే ఆమె పేరు చెప్పాలి కాబట్టి నోరు కుట్టేసుకున్నాడనీ చెప్పారు. చంద్రరావు అశోక్ రెండు చేతులూ పట్టుకుని, తనది తొందరపాటన్నాడు. కవరు విప్పకుండానే బొట్టు పెడదామన్నాడు. బేబి రాజుగారిని దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది.

దుర్గాశ్రీకి ఇవేవీ పట్టలేదు. నేరుగా అశోక్ దగ్గరికి వెళ్లింది.

"చెప్తే నీ మీదకొస్తుందని..." అతను మొదలుపెట్టాడు.

"రానీ బావా. నువ్వు దొంగవని ఊరంతా అన్నా ఓర్చుకున్నాను. నువ్వు కనబడకపోతే ఎలా ఓర్చుకోవాలో నాకు చేతకాలేదు."

అశోక్ చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చురుక్కుమంది. ఇద్దరిలో ఎవరూ వదల్లేదు.