పోటు నీళ్లు

యామిని కుర్చీలో కూర్చున్నాక కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. వెంట ఎవరైనా వచ్చారా అని భువన అడిగితే లేదంది గానీ, ఆ గొంతులో నమ్మకం లేదు. భువన లేచి తలుపు మూసి గడియ పెట్టింది. బయట కడప ఎండ కళ్లు చెదిరేట్టు కాస్తోంది. మేడమీద ఆ గదిలో పంకా తిరుగుతున్నా యామిని మెడ మీద చెమట ఆరడం లేదు.

బల్లకు అవతల ఏసన్న కదలకుండా వింటున్నాడు. పోలీసు ఉద్యోగం మానుకుని ప్రైవేటు డిటెక్టివుగా స్థిరపడిన మనిషి. లా చదివి, కోర్టు మెట్లెక్కకుండా ఆయన దగ్గర సహాయకురాలిగా చేరింది భువన. ఎదుటివాళ్లు అక్కర్లేదని వదిలేసే మాటల్ని ఆయన ఏరుకునే తీరు చూస్తుంటే ఆమెకు ఎన్నాళ్లకూ విసుగు పుట్టేది కాదు.

యామినిది జమ్మలమడుగు. భర్త నరసింహ, మరిది ఓబులేసు, భర్తకు చిన్ననాటి స్నేహితుడైన ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి మురళి, తను, నలుగురూ కలిసి పోయిన నెల అండమాన్ దీవులు చూడ్డానికి వెళ్లారు. జనం పెద్దగా తిరగని ఒక చిన్న దీవి అది. తెల్లటి ఇసుక, దాని వెనకే కొండెక్కిన దట్టమైన అడవి, తీరం చివర ఒక గుహ. బెలుం గుహలు చూసిన మనకు ఇదెంత అనుకుంటూ నరసింహ, మురళి ఆ గుహలోకి వెళ్లారు. లోపల ఊపిరాడక తాను ముందే ఇసుక మీదుగా వెనక్కి వచ్చేశానని, నరసింహ ఫోటోలు తీసుకుంటూ ఉండిపోయాడని మురళి చెప్పాడు. అంతలో సముద్రం పోటెత్తి గుహలోకి నీళ్లు నిండాయి. నరసింహకు ఈత రాదు. నీళ్లు తగ్గాక శవం దొరికింది. అక్కడి పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు.

"కాదని నీకెందుకు అనిపించిందమ్మా?" ఏసన్న అడిగాడు.

"గుహకు పోయే ముందురోజు సాయంత్రం ఇద్దరమూ ఇసుకలో కూర్చోనుండాం సార్. ఊరికి పోయినంక ఒక నిజం చెప్పాల యామినీ, చెప్తే నాకు శానా దగ్గరోడు దూరమైతాడు అన్నాడు. ఎవరంటే చెప్పలే." ఆమె గొంతు తగ్గించింది. "ఆయప్ప పోయినంక ఇద్దరూ నన్ను ఒకటే అడిగినారు. అన్న నీకేమన్నా చెప్పినాడా వదినా అని మా మరిది. నరసింహ ఏమన్నా అన్నాడామ్మా అని మురళి. ఆ అడగడం చూస్తే నాకు అనుమానమొచ్చింది."

ఇప్పుడు అత్త నాగలక్ష్మమ్మ, కొడుకు పోయిన చోటు కళ్లారా చూసి అక్కడే నీళ్లు వదలాలని పట్టుబట్టింది. ఓబులేసు, మురళి కూడా వస్తున్నారు. వాళ్లతో మళ్లీ ఆ దీవిలో ఒంటరిగా అడుగు పెట్టలేకే యామిని ఇక్కడికి వచ్చింది.

ఏసన్న గుహ గురించి అడగలేదు. ఆ రోజు ఎవరు ఎలా తిరిగి వచ్చారో చెప్పమన్నాడు. యామిని గుర్తు చేసుకుంటూ చెప్పింది. ఓబులేసు మెడదాకా తడిసి వణుకుతూ వచ్చాడు. అన్న కోసం నీళ్లలోకి దిగితే అలలు వెనక్కి నెట్టాయన్నాడు. మురళి బట్టలు తడవలేదు గానీ పాదాలు, పిక్కలు రక్తం కారుతున్నాయి. రాళ్లు గీసుకున్నాయన్నాడు. తానే చున్నీ చింపి కట్టినా చాలాసేపు రక్తం ఆగలేదు. ఇసుకలో విడిచిన అందరి చెప్పులనూ సముద్రం లాక్కుపోయింది. మురళి తనవి ఎత్తుగా ఉన్న బండమీద పెట్టుకున్నాడు కాబట్టి అవి మిగిలాయి. స్టేషనుకు పోయేటప్పుడు వాటిని యామినికే ఇచ్చి తాను వట్టికాళ్లతో నడిచాడు.

అంత మంచివాడిని అనుమానించడం పాపమేమో అంది. ఓబులేసు మీదే ఆమెకు భయం ఎక్కువ. ప్రయాణానికి ముందు అన్నదమ్ములు గట్టిగా అరుచుకోవడం విన్నదట.

"ఆ గొడవకు ముందు మీ ఆయన యాడికన్నా పోయినాడా?"

కడప జైలుకు పోయాడని చెప్పింది. వాళ్ల డ్రైవరు ప్రేమయ్య అక్కడున్నాడు. ఒంటిమిట్ట తిరునాళ్లకు నడిచిపోతున్న ఒక ఆడమనిషి వాళ్ల కారు కింద పడి చనిపోయింది. బండి తానే నడిపానని ప్రేమయ్య ఒప్పుకున్నాడు. కారులో అప్పుడు నరసింహ, ఓబులేసు, మురళి ఉన్నారు.

మర్నాడు ఏసన్న, భువన జైలులో ప్రేమయ్యను కలిశారు. నరసింహ చనిపోయాడని విని అతను కడ్డీలు పట్టుకుని ఏడ్చాడు. ఆ రోజు బండి నడిపింది ఎవరని ఏసన్న అడిగితే తల వంచుకున్నాడు. "నన్ను అడగొద్దు సార్. పిల్లోళ్లను, నా పెండ్లాం మద్దమ్మను వాళ్లే చూసుకుంటాండారు" అన్నాడు.

చెన్నై నుంచి విమానం, ఆపైన పడవ. భువన యామిని స్నేహితురాలిగా, ఏసన్న భువనకు మేనమామగా పరిచయమయ్యారు. దీవి అందంగా ఉంది గానీ ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఆకులు కదలని అడవి, దాని నీడ పడి నల్లగా మారిన నీళ్లు. బీడు పొలాల మీద చూపు ఎంతదూరమైనా పోయే సీమలో పెరిగిన భువనకు, నాలుగు చెట్ల అవతల ఏముందో కనపడని ఆ పచ్చదనం ఇరుకుగా అనిపించింది.

మురళి నాగలక్ష్మమ్మ పక్కనే ఉండి, చేయి పట్టి పడవ దించి, భోజనం తినిపించినంత పని చేశాడు. చిన్నప్పుడు ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాడట. ఓబులేసు అందరికీ దూరంగా నడిచేవాడు.

తీరంలో ఏసన్న మురళితో మాట కలిపాడు. "సముద్రం చూడ్డం నాకదే మొదలన్నా" అన్నాడు మురళి, కళ్లు తుడుచుకుంటూ. "నీళ్లు పొద్దున పోయి మళ్లీ ఇంత ఎత్తున వస్తాయని మా ప్రొద్దుటూరోళ్లకు యాడ తెలుస్తాది. తెలిసుంటే వాణ్ని ఒగణ్ని వదిలిపెట్టి వస్తానా?"

నీళ్లు వెనక్కి తగ్గిన ఆటు సమయంలో, తాము దిగిన లాడ్జి యజమానిని వెంటబెట్టుకుని ఏసన్న, భువన గుహలోకి వెళ్లారు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఆయనది. లోపల గోడల మీద నీటి చార తలకంటే పైన ఉంది. గుహ చివర పైకప్పులో ఒక పెద్ద రంధ్రం, అందులోంచి ఆకుల మధ్య ఆకాశం. ఆ రంధ్రం నుంచి ఎప్పుడూ ఒక తాడు వేలాడుతూ ఉంటుందని, పోటులో చిక్కుకున్నవాళ్లు దాన్ని పట్టుకుని పైనున్న అడవిలోకి ఎక్కిపోతారని యజమాని చెప్పాడు. నరసింహ శవం దొరికిన రోజు మాత్రం తాడు పైకి లాగేసి ఉంది. అడవి కాపలావాళ్ల పని అనుకుని, తానే మళ్లీ కిందికి వదిలాడట. ఏసన్న ఆయన్ని పంపి కనుక్కోమన్నాడు. వాళ్లెవరూ తాడు ముట్టుకోలేదని తర్వాత తెలిసింది.

ఏసన్న, వెనకాలే భువన, ఆ తాడు పట్టుకుని పైకెక్కారు. అక్కడి నుంచి తీరానికి అడవిలోంచి సన్నటి దారి ఉంది. తడి ఆకులు కుళ్లిన నేల. లాడ్జికి చేరేసరికి భువన పాదం ఎర్రగా తడిసింది. నొప్పి లేదు, గాయమేదో తెలియదు. జలగ పట్టిందని, ఇసుకలో రాళ్లలో అవి ఉండవని, అడవి నేలమీదే పాకుతాయని యజమాని చెప్పాడు. ఎంత అదిమినా రక్తం చాలాసేపు ఆగలేదు. భువన తల ఎత్తి ఏసన్నను చూసింది. ఆయన అప్పటికే ఆమెను చూస్తున్నాడు.

నీళ్లు వదిలే కార్యం ముగిశాక అందరినీ లాడ్జి వరండాలో కూర్చోబెట్టాడు ఏసన్న. అక్కడి ఎస్సై ఒక పక్క నిలబడ్డాడు. ఎదురుగా సముద్రం మళ్లీ పైకొస్తోంది. తానెవరో ఏసన్న ముందుగా చెప్పాడు.

"నరసింహ నీళ్లొచ్చి సచ్చిపోయినాడు. అది నిజమే" అని మొదలుపెట్టాడు ఏసన్న. "అయితే ఆ గుహలో బయటపడే తాడు ఉండాది. ఆ పొద్దు దాన్ని ఎవరో పైకి లాగినారు. లాగినోడు అడవి దారిన దిగి రావాల."

ఓబులేసు మెడదాకా తడిసి వచ్చాడు, అంటే అతను సముద్రం వైపు నుంచి గుహలోకి పోవాలని చూశాడు. పైన ఉండి తాడు లాగినవాడికి తడిసే పని లేదు. అలా తడవకుండా వచ్చినవాడు మురళి. ఇసుక మీదుగా వచ్చానన్నాడు, కానీ అతని పాదాలకు జలగలు పట్టిన రక్తం. యామిని కట్టు కట్టినా ఆగని రక్తం. రాయి గీరితే అట్లా కారదు. ఏసన్న ఇదంతా గొంతు పెంచకుండానే చెప్పాడు.

"ఇంకొకటి. పోటు సంగతే తెలీదన్నావు మురళీ. తెలియని వాళ్లందరూ చెప్పులు ఇసుకలో విడిచినారు. నువ్వొక్కడివే నీళ్లు అందని ఎత్తున పెట్టుకున్యావు."

మురళి చిన్నగా నవ్వాడు. చెప్పులు, జలగలు చూపించి మనిషిని హంతకుణ్ని చేస్తారా అన్నాడు. ప్రాణస్నేహితుణ్ని తానెందుకు చంపుతానని అడిగాడు.

ఏసన్న అతనికి జవాబు చెప్పకుండా ఓబులేసు వైపు తిరిగాడు. ఒంటిమిట్ట దారిలో ఆ రోజు బండి ఎవరి చేతిలో ఉందని అడిగాడు. ఓబులేసు వదిన వైపు, తల్లి వైపు చూసి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"మురళి నడిపినాడు. ప్రేమయ్యను పక్క సీట్లోకి జరగమన్యాడు. ఆయమ్మ సచ్చిపోతే నేరం ప్రేమయ్య మీదికి తోసినాం. అన్న పోలీసులకు చెప్పేస్తానంటే నేనే వద్దని కొట్లాడినా. మనందరమూ జైలుకు పోతామని. అన్న వినలే. వదినకు గూడా చెప్పినాడేమోనని భయపడి అడిగినా. ఇట్లా అయితాదని నాకు తెలీదు."

మురళి ఇంకా ఏదో అనబోయాడు. అంతవరకూ సముద్రాన్నే చూస్తున్న నాగలక్ష్మమ్మ అతని వైపు తిరిగింది. ఆమె కళ్లలో కోపం లేదు. అది లేకపోవడం చూసే భువనకు భయం వేసింది.

"మురళీ, తాడు పైకి లాగినంక వాడు నిన్ను పిలిచినాడా?"

కింద రాళ్లలో నీళ్లు లోపలికి దూరి వెనక్కి జారుతున్న చప్పుడు వినిపిస్తోంది. మురళి చెవులు రెండూ మూసుకుని వరండా అంచున కూలబడ్డాడు.

"పిలిచినాడమ్మా" అన్నాడు. "శానాసేపు పిలిచినాడు. నేను తాడు లాగినానని అనుకోలే, యాడనో చిక్కుకుందనుకున్యాడు. మురళీ, నువ్వు జాగ్రత్తరా, జారి పడతావు అని అరిచినాడు."

యామిని గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఎస్సై వచ్చి మురళి భుజం మీద చేయి వేశాడు. మురళి లేచి, వెనక్కి చూడకుండా ఆయన వెంట వెళ్లాడు.

చాలాసేపటికి ఓబులేసు తల్లి దగ్గరకు వచ్చి నేలమీద కూర్చున్నాడు. ఇంటికి పోదామమ్మా అన్నాడు. అతను ముట్టుకోబోతే ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"ఇంటికి గాదు" అంది నాగలక్ష్మమ్మ. "కడపలో దిగినంక ముందు మద్దమ్మ దగ్గరికి పోతాం. ఆయమ్మ మొగుణ్ని లోపల పెట్టించినోళ్లలో నువ్వొకడివని నీ నోటితో చెప్పు. ఆడనుంచి స్టేషనుకు. ఆ తర్వాత ఇల్లు ఉంటాదో లేదో చూస్తాం."

ఓబులేసు తల ఊపాడు. యామిని లేచి వచ్చి, అత్తను లేవదీయడానికి చేయి అందించింది. నాగలక్ష్మమ్మ ఆ చేయి పట్టుకుంది.