టిక్కులు తుడిచే వరండా

మా ఊళ్ళో సిస్టర్లు నడిపే ఆడపిల్లల కాలేజీలో పాత బంగళా ఉంది. దాని వరండా చివరకి రాత్రి ఎనిమిది దాటాక ఎవరూ వెళ్ళరు. హాస్టల్ పిల్లలు భోజనాల గదికి పోవాలంటే అదే దగ్గర దారి. అయినా సరే, వానలో తడుస్తూ వంటశాల వెనక నుంచి చుట్టు తిరిగి పోతారు గానీ, అటు మాత్రం పోరు.

ఎందుకంటే... ఆ చివరి గది మదర్ బెనెడిక్టా గారిది. కాలేజీ పెట్టిన మొదటి ప్రిన్సిపాల్ ఆవిడే. నలభై ఏళ్ళ కిందట ఒక రాత్రి పరీక్ష పేపర్లు దిద్దుతూ, కుర్చీలో కూర్చున్నావిడ కూర్చున్నట్టే పోయారట. ఊరికే అర మార్కు కూడా వేసే మనిషి కాదట. అప్పటినుంచీ ఆ గదికి తాళం. ఆ తాళం వేసిన గదిలోంచి రాత్రిళ్ళు సుద్దముక్క గీస్తున్న చప్పుడు... చర్ర్... చర్ర్...

నేను వినలేదు. వాచ్‌మన్ వీరాస్వామి విన్నాడు. కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న జెరాక్సు షాపు నాదే. వీరాస్వామి టీ తాగుతూ చెప్పిందీ, తర్వాత ప్రిన్సిపాల్ గారు స్వయంగా చెప్పిందీ కలిపి మీకు చెప్తున్నాను. నా సొంత పైత్యం కొంచెం ఉంటే ఉండొచ్చు.

కిందటేడు జూన్‌లో సిస్టర్ జసింత గారు కొత్త ప్రిన్సిపాల్‌గా వచ్చారు. నలభై దాటిన మనిషి, నడక మాత్రం పరుగే. ఆవిడ వచ్చేసరికి కాలేజీలో మిగిలింది రెండు వందల పదకొండు మంది పిల్లలు. వచ్చిన నెలకే ఉత్తరం వచ్చింది. సిస్టర్ల సభకి పెద్దావిడ, ప్రొవిన్షియల్ మదర్ అంటారు, నవంబర్‌లో వస్తున్నారు. కాలేజీ బాగుకని సభ వేసిన అయిదేళ్ళ ప్లాను ఎంతవరకు నడిచిందో చూస్తారు. నడవకపోతే వచ్చే ఏడాది నుంచి అడ్మిషన్లు ఆపేసి, ఉన్న పిల్లల్ని సిటీలో పెద్ద కాలేజీకి పంపేస్తారు.

పంపేస్తారంటే... ఎవరు వెళ్తారండీ? మొగల్తూరు అవతల చేపల వేటకెళ్ళే ఇళ్ళ నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలు. ఇంత దూరం పంపడానికే వాళ్ళ నాన్నలు నెల రోజులు ఆలోచించారు. సిటీ అంటే చదువు మానేయడమే. 

సిస్టర్ గారు ఊరుకోలేదు. పెద్ద నల్లబోర్డు చేయించి, దాని మీద ఆ ప్లానులోని పంతొమ్మిది పనులు రాయించారు. ఆ బోర్డుని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టించారనుకున్నారు? మదర్ గారి గది పక్కనే, ఆ వరండా చివర! "నలుగురూ తిరిగితే భయం అదే పోతుంది. దెయ్యానిక్కూడా తెలియాలి కదండీ మన ప్లాను" అని నవ్వారట.

ప్రతి శుక్రవారం మీటింగు. ఒక్కో పని పేరు చదివి "ఎంతవరకొచ్చింది?" అని అడిగేవారు.

"అయిపోయిందండి."

"ఇది?"

"అయిపోయిందండి, సిస్టర్ గారండి."

మన వైపు సంగతి మీకు తెలుసు కదా. పెద్దవాళ్ళు అడిగితే కాలేదని చెప్పడం మన నోటికి రాదు. అది అబద్ధమని కూడా అనుకోం, మర్యాద అనుకుంటాం. సిస్టర్ గారు గుంటూరు పక్క నుంచి వచ్చిన మనిషి, నిజమనుకుని స్వయంగా వెళ్ళి టిక్కు పెట్టేవారు. అక్టోబర్ నెలాఖరుకి పద్నాలుగు టిక్కులు పడ్డాయి. రిపోర్టు నా దగ్గరే ప్రింటుకొచ్చింది. పంతొమ్మిదింటికి పద్నాలుగు! ఆవిడ మొహం వెలిగిపోతోంది. నేను మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒకే మొక్క ఫోటోని నాలుగేళ్ళ పాటు నాలుగు రిపోర్టుల్లో ప్రింటు కొట్టినవాణ్ణి, నాకు రిపోర్టులంటే ఏంటో తెలీదా?

ఆ శనివారం పొద్దున్న బోర్డు మీద ఒక టిక్కు లేదు.

చెరిగిపోలేదు... తడిగుడ్డతో తుడిచినట్టు శుభ్రంగా పోయింది. నాలుగో పని, హాస్టల్ బాత్‌రూములకి గడియలు. వాన జల్లు కొట్టిందేమో అనుకుని సిస్టర్ గారు మళ్ళీ పెట్టారు. ఆదివారం మళ్ళీ లేదు. దానితో పాటు ఏడోది కూడా పోయింది. వారం తిరిగేసరికి నాలుగు టిక్కులు మాయం. పగలు పెట్టడం, రాత్రి పోవడం!

ఇంకేముంది, కాలేజీ అంతా గుప్పుమంది. మదర్ బెనెడిక్టా గారు లేచారు... దిద్దుతున్నారు... ఊరికే వేసిన మార్కులు కొట్టేస్తున్నారు!

ఇద్దరు పిల్లలు పెట్టె సర్దుకుని ఇంటికి పోయారు. మర్నాడు మరో ముగ్గురు. ప్రొవిన్షియల్ మదర్ వచ్చి మూసేదాకా ఆగేలా లేదు, దెయ్యమే ముందు మూసేసేలా ఉంది. ఆవిడ రాకకి ఇంకా అయిదు రోజులే ఉన్నాయి.

"వీరాస్వామి గారూ, ఆ గది తాళం తీయండి" అన్నారు సిస్టర్ గారు. "ఈ రాత్రి నేనక్కడ కూర్చుంటాను."

వీరాస్వామి తాళం తీశాడు గానీ, గుమ్మం లోపలికి తొంగి కూడా చూడలేదు. "నేను గంట దగ్గర ఉంటానండి. కేకెయ్యండి... వినపడుతుందండి" అన్నాడట. కేకేస్తే ఎటు పరిగెత్తేవాడో ఆ దేవుడికే తెలియాలి.

ముసురు పట్టిన రాత్రి. కరెంటు పోయింది. సిస్టర్ గారు టార్చి వేసి బోర్డు చూశారు. పద్నాలుగు టిక్కులూ ఉన్నాయి. టార్చి ఆర్పి, మదర్ గారి కుర్చీలో కూర్చుని, తలుపు కాస్త ఓరగా పెట్టారు. జపమాల చేతిలో ఉంది.

పది... పదకొండు... చూరు నీళ్ళు ఒకటే ధార.

అడుగుల చప్పుడు.

ఒక తెల్లటి ఆకారం వరండాలోకి వచ్చింది. మొహం లేదు, నెత్తి మీంచి కింద దాకా తెలుపే. బోర్డు దగ్గర ఆగింది. చర్ర్... చర్ర్... వెళ్ళిపోయింది. సిస్టర్ గారు జపమాల గట్టిగా పట్టుకున్నారు. పరలోక జపం మొదలెడితే రెండో మాట దగ్గరే ఆగిపోయిందట. "నేను భయపడలేదని చెప్తే పాపమండీ, చచ్చేంత భయపడ్డాను" అని ఆవిడే నాతో అన్నారు.

ఇంకో ఆకారం వచ్చింది... ఇది పొట్టిది. బోర్డు మీద చెయ్యి వేసింది. చర్ర్...

అంతలో రెండో పక్క నుంచి మూడోది! లావుగా, చేతిలో తడిగుడ్డతో, మెల్లగా... మెల్లగా... పొట్టిదాని వెనక్కి వచ్చి నిలబడింది. పొట్టిది వెనక్కి తిరిగింది.

"అమ్మో! దెయ్యం!"

"ఓర్నాయనో! దెయ్యమే!"

రెండు దెయ్యాలూ ఒకదాన్నొకటి చూసుకుని వేసిన కేకలకి మా వీధి కుక్కలన్నీ లేచాయి. మొదటి దెయ్యం కూడా ఏమైందోనని వెనక్కి పరిగెత్తుకొచ్చింది. సిస్టర్ గారు టార్చి వేశారు.

పొట్టిది రాణి, మొగల్తూరు వైపు నుంచి వచ్చి బీకాం చదివే పిల్ల, దుప్పటి కప్పుకుంది. లావుపాటిది హాస్టల్ వంటావిడ సంపూర్ణమ్మ, వానకని నెత్తిన తెల్ల తువ్వాలు. పరిగెత్తుకొచ్చింది హాస్టల్లోనే ఉండి లైబ్రరీ చూసే రెబెక్కా మేడమ్, నెత్తి మీంచి తెల్ల చున్నీ కప్పుకుని ఉంది. సంపూర్ణమ్మ లూథరన్ సంఘం మనిషి, దెయ్యాలు లేవని రోజూ పిల్లలకి చెప్పేది. ఆవిడ కేకే అన్నిటికంటే పెద్దదట.

"ఏంటమ్మా ఇది?" అన్నారు సిస్టర్ గారు.

 సంపూర్ణమ్మే ముందు గొంతు తగ్గించి అంది.

"కొత్త పొయ్యి రాలేదండి. మీరు శుక్రవారం అడిగారు, అయిపోయిందన్నానండి. మీరు అంత సంతోషంగా టిక్కు పెట్టారు... కాలేదని మీ మొహం మీదే ఎలా చెప్పమంటారండి? పెద్దోళ్ళొచ్చి చూసి మీకు మాటొస్తుందని భయమేసిందండి."

"గడియలు రెంటికే పెట్టారండి" అంది రాణి.

"పుస్తకాల లిస్టు సగమే అయిందండి. కంప్యూటర్లూ ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి" అంది రెబెక్కా మేడమ్. "దెయ్యం తుడిచిందంటే ఎవరి మీదా కోపం రాదు కదండీ..."

ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదట. మిగతావన్నీ తుడిచేది నిజంగా దెయ్యమే అనుకుని, వణుకుతూనే వచ్చి ఎవరి అబద్ధం వాళ్ళు తుడుచుకుని పోయేవారు. సిస్టర్ గారు గుమ్మంలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నవ్వు సగంలో ఏడుపైందని వీరాస్వామి చెప్పాడు.

తెల్లారగానే నా షాపుకి వచ్చారు. "గంగరాజు గారూ, రిపోర్టులో పద్నాలుగు తీసేసి తొమ్మిది చెయ్యండి."

రిపోర్టు తెరుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. "తొమ్మిదా! మూసేస్తారేమోనండీ..."

"మూసేస్తే నిజం చెప్పి మూయించుకుందామండి" అన్నారు. 

ప్రొవిన్షియల్ మదర్ వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి, నవ్వు మొహం కాదు. బోర్డు ముందు నిలబడి "తొమ్మిదేనా? మిగతా చోట్ల పద్దెనిమిది చూపించారు" అన్నారు.  ఆవిడ సంపూర్ణమ్మ వైపు తిరిగి "పొయ్యి వచ్చిందా?" అని అడిగారు.

సంపూర్ణమ్మ ఒకసారి సిస్టర్ గారిని చూసింది.  "రాలేదండి."

"గడియలు?"

"కాలేదండి" అంది రాణి, గట్టిగా. "రెండే పెట్టారండి, ఇంకా నాలుగున్నాయండి. కానీ మూయొద్దండి. మూసేస్తే మా నాన్న మాన్పించేస్తాడండి."

 పెద్దావిడ బెంచీ మీద కూర్చుని, "ముప్ఫై ఏళ్ళుగా కాలేజీలు తిరుగుతున్నాను, 'కాలేదు' అన్న మాట వినడం ఇదే మొదలు" అన్నారు. రెండేళ్ళు గడువు ఇచ్చారు. అడ్మిషన్లు ఆగలేదు. ఆ సాయంత్రం సంపూర్ణమ్మ పాత పొయ్యి మీదే అందరికీ బొబ్బట్లు చేసింది, నాకూ నాలుగు పంపించింది.

ఇక్కడితో అయిపోతే నేను రాత్రిళ్ళు హాయిగా పడుకునేవాణ్ణి.

మొన్న గురువారం సిస్టర్ గారు అడ్మిషన్ల కరపత్రాలకి వచ్చారు. ప్రింటు తీస్తూ కదిలించాను. "ఆ రాత్రి వాళ్ళు తుడిచినవి నాలుగే కదండీ? పద్నాలుగులో నాలుగు పోతే పది. మరి మీరు తొమ్మిది చెయ్యమన్నారేంటండీ?"

ఆవిడ చేతిలో సంచి కౌంటరు మీద పెట్టారు.

"నేను ఆ గదిలో కూర్చోక ముందు టార్చి వేసి లెక్కపెట్టానండి, పద్నాలుగు ఉన్నాయి. ముగ్గురూ దొరికి, సంపూర్ణమ్మ కూడా తనది తుడిచేశాక బోర్డు మీద మళ్ళీ వేశాను. వాళ్ళ నాలుగుతో పాటు పదహారోది కూడా లేదు. ముగ్గుర్నీ విడివిడిగా అడిగాను. ఎవరూ ముట్టుకోలేదు. వాళ్ళు ముగ్గురూ తప్ప ఇంకెవరూ రాలేదండి... నేను అక్కడే ఉన్నాను కదా."

"పదహారోది ఏంటండీ?"

"'ప్రిన్సిపాల్ వారానికోసారి పిల్లలతో కూర్చుని వాళ్ళ మాట వినాలి.' దానికి టిక్కు నేనే పెట్టుకున్నాను. ఒక్కసారి కూడా కూర్చోలేదు."

నా చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. 

"ఎవరు తుడిచారో నాకు తెలియదండి. కరెక్టుగానే తుడిచారు" అన్నారు సిస్టర్ గారు. కరపత్రాలు సంచిలో పెట్టుకుని, పిల్లలు అన్నం దగ్గర తనకోసం చూస్తుంటారని గబగబా రోడ్డు దాటి వెళ్ళిపోయారు.